లోపలి గదిలో నిండు సిగ్నల్

చచ్చిపోయిన ఫోనుతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. అది చచ్చింది, మనం బతికించాలి, అంతే. ఇబ్బందంతా సగం బతికున్న వాటితోనే.

తిరుపతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం గడిచింది. ఆడపిల్లకు స్తంభాలూ వైర్లూ ఏమిటని చుట్టాలు నొసలు చిట్లించిన రోజుల్లో చేరి, నా సంతకం పడితే తప్ప కొత్త లైను కదలని రోజుల్లో దిగిపోయాను. ఇప్పటికీ పింఛను పనుల మీద ఆఫీసుకు వెళితే కొత్తగా చేరిన పిల్లలు కుర్చీ వేసి, కాఫీ తెప్పించి అడుగుతారు: "మేడం, మీ కాలంలో బాగా కష్టపెట్టిన కేసు ఏది?" నేను పిడుగులు పడి కాలిపోయిన ఎక్స్ఛేంజి గురించో, వరదలో కొట్టుకుపోయిన కేబుల్ గురించో చెబుతానని వాళ్ల ఆశ. వాటిలో కష్టం ఉంది గానీ అయోమయం లేదు. నన్ను నిజంగా అయోమయంలో పడేసింది పాత ఊళ్లోని ఒక పెంకుటిల్లు. ఈ సంగతి మీలాంటి కొత్తవాళ్ల కోసమే రాస్తున్నాను, ఆ ఇంట్లో నేను వేసిన తప్పు అంచనాలు మీరు వేయకుండా ఉంటారేమోనని. వేస్తారనుకోండి, అయినా.

బ్రాడ్‌బ్యాండు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తోంది. ఒక రోజు మధ్యాహ్నం ఒకావిడ ల్యాప్‌టాప్‌ను గుడ్డసంచిలో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. చెప్పాలనుకున్నదంతా దారిలోనే వల్లె వేసుకుని వచ్చినట్టుంది.

"మేడం, వైరు పెడితే నెట్టు బాగా వస్తాది. వైరు తీసేస్తే రాదు. రాదంటే, వస్తాది. గానీ ఈడ్చుకుంటా వస్తాది."

"అయితే వైరుతోనే వాడుకోమ్మా," అన్నాను. ఫిర్యాదు అక్కడికి తీరిపోయిందనుకున్నాను.

"వైరు ముందర గదిలో ఉండాది మేడం. మా ఆయన లోపలి గదిలో ఉండాడు."

అప్పుడు కూర్చోమన్నాను. ఆమె భర్త యాత్రికుల జీపు నడిపేవాడు. కార్వేటినగరం దారిలో జీపు బోల్తా పడి తొడ ఎముక, నడుము రెండూ దెబ్బతిన్నాయి. లోపల కడ్డీలు వేశారు. లేచి నిలబడాలన్నా, పక్కకు తిరగాలన్నా మనిషి సాయం కావాలి. ఇంట్లో ఇప్పుడు సంపాదన ఈమెదే. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి మాటల్లో చెప్పి రికార్డు చేసిన ఫైళ్లను దించుకుని, విని, టైపు చేసి పంపాలి. పని ఇచ్చేది చెన్నైలో ఒక కంపెనీ. ఫైలు ఇన్ని గంటల్లోగా పంపాలని లెక్క ఉంటుంది. ముందు గదిలో వైరు దగ్గర కూర్చుంటే పని సాగుతుంది, కానీ భర్త పిలిస్తే వినబడదు. లోపలి గదిలో ఆయన పక్కన కూర్చుంటే పిలుపు వినబడుతుంది, పని సాగదు.

"రెండు తూర్లు లేటయింది మేడం. ఇంగొక తూరి లేటయితే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని చెప్పేసినారు," అంది.

మర్నాడు నేనూ మా లైన్‌మనూ వెళ్లాం. లైన్‌మన్ నగరివాడు. మగ్గాల ఇంట్లో పుట్టి నూలు పోగుకు బదులు రాగితీగ పట్టుకున్నానని నవ్వుతూ చెప్పేవాడు. మాటల్లో సగం తమిళం దొర్లుతుంది. దేనికైనా ఒక కారణం వెంటనే చెప్పేయడం ఆయన అలవాటు. తప్పయితే దిగులుపడడు, ఇంకొకటి చెబుతాడు.

పొడుగాటి పాత ఇల్లు. వీధి వైపు ముందు గది, తర్వాత నడిమి గది, ఆ తర్వాత లోపలి గది. మధ్యలో రాయీ మట్టీ కలిపి కట్టిన మోటు గోడలు. పైన నాటు పెంకు. మోడెం ముందు గదిలో, టెలిఫోను పక్కనే ఉంది. వైరు పెట్టి చూస్తే స్పీడు మేం ఇస్తామని చెప్పినంతా వస్తోంది. వైరు తీసి అదే గదిలో వైర్‌లెస్‌లో చూశాను. అంతే స్పీడు. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని నడిమి గదిలోకి నడిచాను. సిగ్నల్ గీతలు తగ్గాయి. మంచిదే, గోడలు అలాంటివి. ఇక లోపలి గదిలో చచ్చిపోతుంది, గోడల మందమే కారణమని చెప్పి వెళ్లిపోవచ్చని గడప దాటాను.

లోపలి గదిలో గీతలు నిండుగా ఉన్నాయి.

నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు. ఒక ఫైలు దించబోతే గాడిద మీద మూటలాగా కదిలింది. సిగ్నల్ తక్కువై స్పీడు తగ్గడం నాకు తెలుసు. దూరం పోయేకొద్దీ సిగ్నల్ పెరగడం, పెరిగినకొద్దీ స్పీడు తగ్గడం నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు.

మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్న ఆమె భర్త మమ్మల్నే చూస్తున్నాడు. "డాక్టర్లు గూడా ఇట్లనే మేడం," అన్నాడు. "ఎక్స్‌రే బాగుండాది, మనిషే లేయలేదు అంటారు."

లైన్‌మన్ గది నలుమూలలా చూసి, గోడకు ఆనించి ఉన్న ఇనుప బీరువాను చూపించాడు. "అదే మేడం. ఇనుము. సిగ్నల్ లోపలికి వచ్చి దాన్ని తగులుకుని తిరుగుతా ఉండాది."

వినడానికి బాగానే ఉంది. ఆ రోజు మోడెం ఛానల్ మార్చాను. లోపలి గదిలో తేడా లేదు. మోడెమే మార్చి కొత్తది పెట్టాం. తేడా లేదు. ల్యాప్‌టాప్ తప్పేమోనని మర్నాడు మా ఆఫీసుది తీసుకెళ్లాను. అదీ అంతే. హైదరాబాదులో మా పై ఆఫీసుకు ఫోను చేస్తే, సిగ్నల్ ఎలా ఉందని అడిగారు. నిండుగా ఉందన్నాను. "అయితే ఫిర్యాదేమిటి?" అన్నారు.

మా పక్క టేబుల్ ఆఫీసరు నాతోపాటే ఉద్యోగంలో చేరినవాడు. నాకు పాత ఊళ్లో కొన్ని వీధులు, ఆయనకు ఆ పక్క వీధులు. టీ తాగుతూ నా గోడు చెబితే తన గోడు మొదలుపెట్టాడు. "నీదే నయం. మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండాడు. లాడ్జి మేనేజరు. రోజూ ఫోను చేసి, మా నెట్టు ఎవురో తాగేస్తా ఉండారు సార్ అంటాడు. లైను చూస్తే బాగుండాది. ఎవురు తాగుతారు, కుక్కలా?" ఇద్దరం నవ్వుకున్నాం. గ్లాసులు కడిగి ఎవరి టేబుల్‌కు వాళ్లం వెళ్లిపోయాం.

ఈలోగా ఆమె పని ఆగకూడదని లైన్‌మన్ ముందు గది నుంచి లోపలి దాకా పొడుగు వైరు లాగాడు. మట్టి గోడలకు మేకు నిలవలేదు, సున్నం పెళ్లలుగా రాలింది. చివరికి వైరును గడపల మీదుగా నేల మీదే వేశాడు. స్పీడు దివ్యంగా వచ్చింది. వారం తిరక్కుండానే ఆమె భర్త చంకకర్రలతో బాత్‌రూముకు పోతూ ఉంటే కర్ర వైరులో ఇరుక్కుంది. ఆమె పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మేం వెళ్లేసరికి వైరు చుట్ట చుట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది.

"మీరు మంచికే వేసినారు," అంది. "గానీ ఆయన పడి ఉంటే నేను ఇంగ ఏ ఫైలు పంపేదాన్ని మేడం?"

ఇక మిగిలింది బీరువా. దాన్ని జరుపుదామన్నాను. మంచం మీది మనిషి అప్పటిదాకా ప్రతిదానికీ సరేనన్నవాడు, "అది ఆడనే ఉండనీండి," అన్నాడు.

"రవ్వంత జరిపి చూసి మళ్లీ పెట్టేస్తాం అప్పా," అన్నాడు లైన్‌మన్. భార్య భర్త వైపు చూసి, తనే బీరువాకు ఒక వైపు చెయ్యి వేసింది.

బీరువా వెనక గోడలో తలుపంత మేర ఇటుకలతో మూసి ఉంది. సున్నం కూడా వేయలేదు. పాత తలుపు చట్రం అలాగే ఉంది.

"అదేంది?" అన్నాను.

"దోవ," అన్నాడు ఆయన. "అవతల మా అన్న ఇల్లు. ఒకే ఇల్లు మేడం, ఒకప్పుడు. వాళ్లకిప్పుడు వాకిలి వెనక వీధిలో."

బీరువా జరిపాక సిగ్నల్ ఇంకా పెరిగింది. స్పీడు పెరగలేదు. లైన్‌మన్ తల గోక్కున్నాడు. మేమలా నిలబడి ఉండగా, అడగకుండానే మంచం మీది మనిషి చెప్పుకొచ్చాడు. చాలా ఏళ్ల కింద తల్లి పోయినప్పుడు ఈయన బండి పని మీద బెంగళూరు వైపు ఉన్నాడు. ఇంటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. "మా యమ్మ మొకం నాకు చూపించకుండానే ఎత్తేసినారు. ఒక ఫోను చేసుంటే రెక్కలు కట్టుకుని వచ్చి ఉండేవాణ్ణి. చెయ్యలేదు." ఆ తర్వాత పంపకాలు, ఇటుకలు, బీరువా. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. జీపు పడ్డప్పుడు కూడా.

మోడెం గురించి ఏదో అన్నాను.

అసలు సంగతి తెలిసిన రోజు మేం ఏమీ కనిపెట్టలేదు. కరెంటు పోయింది, అంతే. ఇంకొక మోడెం తీసుకుని వెళ్లాం. అది ముందు గదిలో పెట్టి, లోపలి గదిలో ఒక ఫైలు దించడం మొదలుపెట్టి, దాని నడక చూస్తూ కూర్చున్నాం. పట్టపగలు, ఎండ మాడిపోతోంది. నెత్తిమీద ఫ్యాను నిదానించి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది. ఆమె విసనకర్ర తీసి భర్తకు విసరసాగింది. నేను తెర వైపు చూశాను. ఫైలు వస్తూనే ఉంది.

మొదట నాకు తట్టలేదు. లైన్‌మన్‌కు తట్టింది. ఆయన మెల్లగా లేచి ముందు గదికి వెళ్లి తిరిగి వచ్చాడు. వచ్చినప్పుడు మొహంలో రంగు లేదు.

"మేడం. ముందర మోడెం ఆరిపోయి ఉండాది."

"సరిగా చూశావా?"

"చేత్తో పట్టుకుని సూసినాను. ఒక్క లైటు గూడా లేదు. టెలిఫోను తీగ గూడా పెరికేసి వచ్చినాను."

నలుగురం తెర వైపే చూశాం. ఫైలు వస్తోంది. నెమ్మదిగా, ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ, కానీ వస్తోంది. మోడెం లేదు, లైను లేదు, కరెంటు లేదు. ఇంటర్నెట్టు ఉంది. అన్నేళ్ల సర్వీసులో ఒక యంత్రాన్ని చూసి భయపడింది అదొక్కసారే.

"గోవిందా," అన్నాడు లైన్‌మన్, చేతులు జోడించినంత పని చేసి.

మంచం మీది మనిషి చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మీరు ఇన్నాళ్లు పడిన అగచాట్లు దండగ మేడం. పెరికేసినాకనే బాగుండాది."

ఫ్యాను ఆగిపోవడంతో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒక సన్నని చప్పుడు వినిపించింది. ఇటుకల అవతలి నుంచి. ఇంకొక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. వాళ్లకు ఇన్వర్టర్ ఉంది.

అప్పుడు నా చేతులు వాటంతటవే పనిచేశాయి. మోడెం లోపలి అమరికలు చూపించే పేజీ తెరిచాను. ఆరిపోయిన మోడెం పేజీ తెరుచుకోకూడదు కదా, తెరుచుకుంది. అందులో ఉన్న కనెక్షన్ పేరు ఈ ఇంటిది కాదు. మా పక్క టేబుల్ ఆఫీసరుకు ఫోను చేసి ఆ పేరు చదివాను.

"అరె, అది మా లాడ్జి మేనేజరుది," అన్నాడు. "నీకెట్ల దొరికింది?"

సంగతి ఇదీ. ఆ లాడ్జి మేనేజరే ఇటుకల అవతలి అన్న. ఆ రోజుల్లో మేం ఇళ్లకు ఇచ్చే మోడెంలన్నీ ఒకే కంపెనీవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే అన్నిటికీ ఒకటే పేరు ఉండేది. పాస్‌వర్డు పెట్టే అలవాటు ఇంకా రాలేదు. పెడితే మర్నాడే మర్చిపోయామని ఫోన్లు వచ్చేవి. ల్యాప్‌టాప్‌కు కావలసింది పేరు. ఆ పేరుతో రెండు మోడెంలు ఉంటే, ఏది దగ్గరుంటే దాన్ని పట్టుకుంటుంది. ముందు గదిలో సొంత మోడెం దగ్గర. లోపలి గదిలో ఒక్క వరస ఇటుకల అవతల ఉన్న అన్నగారి మోడెం దగ్గర. అందుకే నిండు సిగ్నల్. ఆయన తీసుకున్నది చిన్న కనెక్షను, దాని మీద కాలేజీలో చదివే కూతురు ఒక వైపు, తెలియకుండా ఈమె ఒక వైపు. అందుకే ఆ ఈడ్పు. మేం ఈ వైపు మోడెం ఎన్నిసార్లు మార్చినా, మార్చిన ప్రతిదానికీ మళ్లీ అదే పేరు.

ఆమె విసనకర్ర ఆపేసింది. "అంటే ఇన్ని నాళ్లూ నేను మా బావ వాళ్ల నెట్టులో పని చేసినానా?"

"తీసేయండి," అన్నాడు భర్త. నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. "ఇప్పుడే తీసేయండి. వాళ్లది ఏదీ మాకొద్దు."

కరెంటు వచ్చాక ఆ ఇంటి మోడెంకు వేరే పేరు పెట్టాను, పాస్‌వర్డూ పెట్టాను. ల్యాప్‌టాప్‌లో పాత పేరు చెరిపేశాను. లోపలి గదిలోకి తెచ్చి చూస్తే ఒక్క గీత కూడా లేదు. రాతి గోడలు తమ పని తాము చేశాయి. జబ్బు కుదిరింది, రోగి పోయాడు. అంతవరకూ ఆమె నెమ్మదిగానైనా భర్త పక్కన కూర్చుని పని చేసేది. నేను కారణం కనిపెట్టి ఆ కాస్తా లేకుండా చేశాను.

దారి ఒకటే ఉంది. టెలిఫోను లైనునే లోపలి గదికి తేవాలి. వీధి వైపు నుంచి పైకెక్కి తేవడం కుదరదు. పెంకుల మీద లైన్‌మన్ ఒక్క అడుగు వేసి, రెండు పగలగొట్టి దిగిపోయాడు. లోపలి గది గోడకు పైన, గాలి కోసం వదిలిన ఒక చిన్న గాలికంత ఉంది. దాని దగ్గరికి పోవాలంటే వెనక వీధి స్తంభం నుంచి అన్నగారి మిద్దె మీదుగా పోవాలి. అన్నగారు తన సగం ఇంటిని పడగొట్టి మిద్దె వేసుకున్నాడు.

పక్క టేబుల్ ఆఫీసరును వెంటపెట్టుకుని వెనక వీధికి వెళ్లాను. వీధులు రెండు గానీ మనుషుల మధ్య దూరం ఒక గోడ. లాడ్జి మేనేజరు పెద్ద వయసు మనిషి, నుదుట నామం, ఇస్త్రీ చొక్కా. మమ్మల్ని చూడగానే, "కనుక్కున్నారా సార్, ఎవురు తాగేస్తా ఉండారో?" అన్నాడు.

మా ఆఫీసరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూసి చెప్పాను. "మీ తమ్ముడి ఇంట్లో అండీ. తెలిసి కాదు." పేర్ల సంగతి, ఇటుకల సంగతి వివరించాను. అరుస్తాడనుకున్నాను. మా మీదైనా అరవాలి, అది ఆయన హక్కు.

ఆయన ఇంట్లోకి, ఇటుకల గోడ వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, "వాడు లేచి నిలబడతా ఉండాడామ్మా?" అన్నాడు.

"చంకకర్రలతో."

"గోడకు చెవి పెడితే కర్రల చప్పుడు వినిపిస్తాది," అన్నాడు. "అది కర్రో, మంచం కోడో తెలీక మా ఇంటిదాంతో గూడా చెప్పలేదు."

కూర్చోమన్నాడు. మజ్జిగ తెప్పించాడు. తల్లి పోయిన రోజు సంగతి ఆయన వైపు నుంచి విన్నాను. బెంగళూరులో తమ్ముడు బండి పెట్టే షెడ్డుకు పొద్దున్నుంచి ఫోను చేశాడట. లైను దొరకలేదు. ఎక్స్ఛేంజికి మనిషిని పంపాడట. లైన్లు పడిపోయాయన్నారట. "పొద్దు గూకేదాకా అమ్మను పెట్టుకున్నాం. ఎండాకాలం. పెద్దోళ్లు ఇంగ ఆపకూడదన్నారు. వాడికి చెప్తే నమ్మలేదు. ఫోను చెయ్యలేదనే అన్నాడు. నువ్వు చెప్పమ్మా, నువ్వు ఆ ఆఫీసులోనే కదా ఉండావు. ఆ దినం లైన్లు పోయినాయా, లేదా?"

నేను అప్పుడు అక్కడే పని చేస్తున్నాను. లైన్లు పోయిన రోజులు ఎన్నో. ఆ రోజు పోయిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. పోయి ఉండవచ్చని చెబితే అన్నకు సాక్ష్యం. పోలేదని చెబితే తమ్ముడికి. "తెలియదండీ," అన్నాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఇచ్చిన జవాబులన్నిటిలోనూ అదొక్కటే నన్ను ఇంకా తొలుస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. మధ్యలో వైరు ఏం చేసిందో వైరుకే తెలియాలి.

మిద్దె మీదుగా వైరు సంగతి అడిగాను. "దానికి నన్ను అడగాల్నా? వాడు ఒప్పుకుంటే సాలు," అన్నాడు.

తమ్ముడు ఒప్పుకోలేదు. మళ్లీ వీధి చుట్టూ తిరిగి ముందు వాకిట్లోకి వచ్చి అడిగితే, "వాళ్ల మిద్దె మీద నుంచి నాకు ఏమీ రావాల్సిన పన్లేదు," అన్నాడు.

ఆమె వంటింట్లోంచి వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "నీకు వద్దు. నాకు కావల్ల," అంది. గొంతు పెంచలేదు. "కాలు నీది, పని నాది. నేను ముందర గదిలో కూర్చుంటే నువ్వు నీళ్లకు పిలిస్తే వినపడదు. ఈడ కూర్చుంటే పని పోతాది. రెంట్లో ఏది వద్దో నువ్వే చెప్పు, అది మానేస్తాను."

ఆయన పక్కకు తిరిగి పడుకోవాలనుకున్నాడు. తిరగలేకపోయాడు. కళ్లు మూసుకున్నాడు.

లైన్‌మన్ నా చెవిలో, "సెరి మేడం. వద్దనలేదు కదా, అంటే కావల్లనే," అన్నాడు. ఆయన చెప్పిన కారణాలన్నిటిలో సరైనది బహుశా అదొక్కటే. అది కూడా నాకు గట్టిగా తెలియదు.

ఆ తర్వాతేమైందని మీరు అడుగుతారు గనక ముందే చెప్పేస్తాను. ఆమె పని నిలబడింది. నేను దిగిపోయే నాటికి ఆమె కింద ఇంకొందరు అదే పని చేస్తున్నారు. ఆయన కర్ర లేకుండా నడిచాడు, కానీ జీపు ఎక్కలేదు. గోడలోని ఇటుకలు తీశారా అంటే, తీయలేదు. బీరువా మళ్లీ అక్కడే పెట్టుకున్నారు. మోడెంలకు వేర్వేరు పేర్లు పెట్టమని ఆ వారమే ఆఫీసులో అందరికీ చెప్పాం. కొందరు పెట్టారు. ఇంత జరిగాక నాకు అర్థమైందేమిటని అడిగితే, నిండు సిగ్నల్‌ను చూసి సంతోషపడొద్దని మాత్రం చెప్పగలను. ఎవరి సిగ్నలో ముందు చూడండి.

ఇక వైరు వేసిన రోజు.

లైన్‌మన్ వెనక వీధి స్తంభం ఎక్కాడు. మిద్దె మీద వైరు చుట్ట పట్టుకుని గాలికంత దాకా అందించడానికి ఇంకొక మనిషిని పిలుద్దామంటే, అన్నగారు ఒప్పుకోలేదు. ఇస్త్రీ చొక్కా విప్పి బనీనుతో తనే మిద్దె ఎక్కాడు. నేను ముందు వైపు నుంచి ఇంట్లోకి వచ్చాను. కొస అందుకోవడానికి ఎత్తుపీట కావాలని ఆమె పక్కింటికి వెళ్లింది.

నేను నడిమి గది గడప దాకా వచ్చేసరికి గాలికంతలోంచి వైరు కొస లోపలికి వచ్చేసింది. గాల్లో అటూ ఇటూ ఊగుతోంది. గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత చంకకర్రలు దగ్గరికి లాక్కుని, మంచం పట్టె పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచాడు. నేను ముందుకు వెళ్లబోయి ఆగాను. ఎందుకు ఆగానో చెప్పలేను. ఒక కర్ర చంకలో ఉంచుకుని, ఇంకొకటి గోడకు ఆనించి, ఆ చెయ్యి పైకెత్తి కొస పట్టుకున్నాడు.

"అందిందా?" పైనుంచి కేక. కింద ఎవరున్నారో ఆయనకు కనబడదు. నేననో, తమ్ముడి భార్య అనో అనుకుని ఉంటాడు.

ఈయన గాలికంత వైపు తలెత్తి చూశాడు. వైరు మాత్రం పట్టుకునే ఉన్నాడు.

"అందిందా లేదా?"

"అందింది," అన్నాడు.

పైన అలికిడి ఆగిపోయింది. వైరు కదలలేదు. వెనక వీధిలో స్తంభం మీద నుంచి లైన్‌మన్ ఏమైందని అరుస్తున్నాడు. తమ్ముడు కొసను ఒకసారి కిందికి లాగి చూశాడు.

"ఇంగ రవ్వంత వదులు అన్నా," అన్నాడు.

వైరు దిగడం మొదలైంది. మోడెం పెట్టే బల్ల దాకా దిగింది, నేల దాకా దిగింది, ఆయన కాళ్ల దగ్గర చుట్టలు చుట్టలుగా పడుతూనే ఉంది. చాలని తమ్ముడూ అనలేదు, సరిపోయిందా అని పైనుంచి అన్నగారూ అడగలేదు.